ఇనుము సర్కారుది, కామ మనిషిది

మా అన్న కూతురు సుజాత కిందటి నెల సర్వే ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే నాకు ఫోన్ చేసింది.

"చిన్నాయినా, క్యాంపుకు పోయేటోళ్లం తలా ఒక చిన్న గొడ్డలి తెచ్చుకోవాల్నట. ప్లాస్టిక్ పిడిది కొనాల్నా, కట్టె పిడిది కొనాల్నా? ఫోన్ల రెండూ సూసిన. ప్లాస్టిక్‌దే మంచిగ కనవడ్తున్నది."

నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు. ఆ మాట మీద. మంచిగా కనపడుతున్నదట. ఇదే మాట ఒకప్పుడు నా పై అధికారి అన్నాడు, ఆయన అన్నందుకు మేం రెండేళ్లు పడ్డ పాట్లు నాకు తెలుసు. ఫోన్లో చెబితే తెగేది కాదని, రాసి పంపుతానన్నాను. రాయడం మొదలుపెట్టాక ఆమె ఒక్కదానికే కాకుండా ఈ పనిలోకి వచ్చే పిల్లలందరికీ చెప్పాలనిపించింది.

రిటైరైన సర్వేయర్లు రాసుకున్న అనుభవాలు నేనూ కొన్ని చదివాను. ఏ పోస్టులో చేరారు, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ పెద్దమనిషి భుజం తట్టాడు, ఇవే ఉంటాయి. గొడ్డలి గురించి ఒక్కరూ రాయలేదు. బహుశా వాళ్ల గొడ్డళ్లు ఎవరి కాలూ విరగ్గొట్టలేదేమో.

గొడ్డలితో ఏం పని

మాది కాలువల సర్వే. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మధ్య పిల్లకాలువలు ఎక్కడ తవ్వాలో, పాతవి ఎక్కడ పూడిపోయాయో కొలిచి గీసి ఇవ్వాలి. ఎనభైల్లో, తొంభైల్లో సగం ఏడాది గుడారాల్లోనే గడిచేది. పార్టీకి ఒక సర్వేయర్, నలుగురైదుగురు చైన్‌మన్లు, ఒక వంటమనిషి. చైన్‌మన్ అంటే గొలుసు పట్టుకొని కొలిచేవాడని కాగితాల్లో ఉంటుంది. రోజులో ముప్పాతిక వంతు ఆ మనిషి పట్టుకునేది గొడ్డలినే.

యంత్రంలోంచి చూస్తే అవతల నిలబెట్టిన కర్ర కనపడాలి. నడుమ సర్కారు తుమ్మ ఉంటే ఏమీ కనపడదు. మా కాలువగట్ల మీద అది తప్ప ఇంకొకటి మొలవదు. కొడితే నెలకు మళ్లీ వస్తుంది, ముల్లు చెప్పు అడుగులోంచి పైకి వస్తుంది. ఆ కంప కొట్టాలి. కొట్టిన కట్టెతోనే గూటాలు చెక్కాలి, వాటిని భూమిలో దించాలి. సాయంత్రం డేరా తాళ్లు బిగించాలి, పొయ్యికి కట్టెలు చీల్చాలి. ఇన్ని పనులకూ మూరెడు పిడి ఉన్న ఒక్క చిన్న గొడ్డలి. పెద్ద గొడ్డలి భుజాన పెట్టుకొని గొలుసు లాగడం ఎవరి తరమూ కాదు.

లైను చూసే ఆ యంత్రానికి, అంటే మా థియోడలైట్‌కు, టేకు పెట్టె ఉండేది. ఎండ తగలకుండా గొడుగు పట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. గొడ్డళ్లకు స్టోరులో ఒక మూలన గోనెసంచి ఉండేది. శిక్షణలో యంత్రం తుడవడం నాకు మూడు వారాలు నేర్పారు. గొడ్డలి గురించి ఒక్క పూట కూడా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పడం లేదని సుజాత ఫోన్‌తో అర్థమైంది.

కామ ఎవరిది

మా వైపు గొడ్డలి పిడిని కామ అంటారు. నేను చేరిన నాటికే మా పార్టీల్లో ఒక పద్ధతి ఉంది. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు గానీ, అందరూ దాని ప్రకారమే నడిచేవారు. స్టోరు నుంచి ఇనుము మాత్రమే వస్తుంది. కామ ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. మోచేయి నుంచి వేళ్ల కొస దాకా కొలుచుకొని, తమ ఊరి వడ్లాయన, అంటే వడ్రంగి, దగ్గర చెక్కించుకుంటారు. ఎవరి మూర వాళ్లదే కాబట్టి ఎవరి కామ వాళ్లదే. వేరే చోటికి పని మారితే ఇనుము ఊడగొట్టి స్టోరులో ఇచ్చేసి, కామను మూటలో పెట్టుకొని పోతారు. వచ్చే కొత్త మనిషి తన కామతో వస్తాడు. ఇనుము సర్కారుది, కామ మనిషిది అని వాళ్లలో వాళ్లు అనుకునేవారు.

ఈ సంగతి తెలియక నేను చేరిన కొత్తలో మల్లయ్య గొడ్డలి అడగకుండా తీసుకొని పళ్లపుల్ల కోసుకున్నాను. మల్లయ్య హాలియా దగ్గరి మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. మస్టరు మీద పనిచేసే రోజుకూలీ. అంటే మస్టరు అనే హాజరు పుస్తకంలో పేరు రాస్తే ఆ రోజు పని ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. పేరు రాసేది సర్వేయర్. అంటే నేను. నేను పుల్ల కోస్తుంటే చైన్‌మన్లంతా మాటలు ఆపి నన్నే చూశారు.

మల్లయ్య నెమ్మదిగా అన్నాడు. "సార్, మీకు పుల్ల గావాల్నంటే చెప్పున్రి, నేనే కోసిస్త. కామ చెయ్యి మారితే మంచిగుండది."

మల్లయ్య కామ నల్లతుమ్మ చేవతో చేసింది. నెలకోసారి దానికి కానుగ నూనె రాసి, పొయ్యి పక్క రాళ్ల మీద కాసేపు వెచ్చబెట్టేవాడు. పొద్దున పని మొదలుపెట్టే ముందు కామ అడుగును రాయి మీద మూడుసార్లు కొట్టి, ఇనుము ఆడుతుందేమో చూసేవాడు. ఆడితే బకెట్ నీళ్లలో నానబెట్టేవాడు. కట్టె ఉబ్బి ఇనుమును పట్టుకునేది. అది ఆ పూటకే అని అతనికి తెలుసు. నానిన కట్టె ఎండితే మునుపటి కంటే ఎక్కువ వదులవుతుంది. అందుకే ఆదివారం ఊరికి పోయినప్పుడు వడ్లాయన దగ్గర కొత్త చీల కొట్టించుకొని వచ్చేవాడు. ఇంత తెలిసిన మనిషి మా డివిజన్ మొత్తంలో మరొకరు లేరు. నెల జీతం లేని నిపుణుడు. సర్వేయర్లం మేం మాత్రం నిపుణులమని సంతకాలు పెట్టేవాళ్లం.

ఒక బకెట్ నీళ్లు

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దీన్ని చెప్పకుండా కామ గురించి ఎంత చెప్పినా దండగే.

ఎనభైల నడుమ, మే నెల. మిర్యాలగూడకు కాస్త దూరంలో డేరాలు వేశాం. ఎండాకాలం కదా, కాలువకు నీళ్లు కట్టేశారు. కాలువ సర్వే పార్టీకి చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవు. రైసుమిల్లు బోరు నుంచి ఎడ్లబండి మీద రెండు డ్రమ్ములు వచ్చేవి. వాటితోనే తాగాలి, వండుకోవాలి. మరునాడు సూర్యాపేట నుంచి మా పెద్దసారు రంగారావు గారు తనిఖీకి వస్తున్నారు. నాకు ఇంకా రెండు ఫర్లాంగుల లైను మిగిలి ఉంది. నాలుగు రోజులు బద్ధకించి ఆఖరి రోజు ఆరాటపడటం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మల్లయ్య కామను రాయి మీద కొట్టి చూసి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఇనుము ఆడుతున్నది. గీ ఎండకు కట్టె గుంజుకపోయింది. ఒక్క బకెట్ నీళ్లియ్యున్రి, జరసేపు నానేస్త. సల్లవడ్డంక కొడదం."

"నీళ్లేడియి మల్లయ్యా? రేపు సారొస్తడు. తాగనీకే లెవ్వు."

"తాగే నీళ్లు గాకపోతే బియ్యం కడిగిన నీళ్లన్న ఇయ్యమనున్రి."

"ఇప్పుడు నానేస్తే పొద్దుగూకుతది. గట్ల మెల్లగ కొట్టు, లైను అయిపోగొడదం."

బియ్యం కడిగిన నీళ్లు. అవి ఎటూ పారబోసేవే. వంటమనిషిని పిలిచి ఒక మాట చెబితే సరిపోయేది. నాకు ఆ మాట చెప్పే తీరిక లేదు. మల్లయ్య పోయి కంప కొట్టడం మొదలుపెట్టాడు.

అతనికి పదడుగుల దూరంలో ఏసోబు ఎరుపు తెలుపు కర్ర పట్టుకొని నిలబడ్డాడు. ఏసోబు తుంగతుర్తి వైపు పిల్లగాడు, అప్పటికి పాతికేళ్లు ఉంటాయి. ఏడో తరగతి దాకా చదివాడు, మా చైన్‌మన్లలో చదువు వచ్చింది అతనికొక్కడికే. నేను యంత్రంలోంచి ఆ కర్రనే చూస్తున్నాను. కర్ర ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. సరిగ్గా పట్టుకోమని అరవబోయాను. అప్పుడు వినపడింది ఏసోబు కేక. మల్లయ్య చేతిలో ఉత్త కామ ఉంది. ఇనుము ఏసోబు మోకాలి కింద తగిలి ఎముక విరిగింది.

బియ్యం బస్తాల లారీ ఒకటి ఆపి, బస్తాల మీదనే పడుకోబెట్టి మిర్యాలగూడ సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా మల్లయ్య ఏసోబు కాలును తన తొడ మీద పెట్టుకొని కదలకుండా పట్టుకున్నాడు. నేను డ్రైవర్ పక్కన కూర్చొని, రేపు పెద్దసారుకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ అప్పుడు నా బుర్రలో ఉన్నది అదే.

"కట్టె వచ్చి అడుగుతదా"

రంగారావు గారు చెడ్డవారు కాదు. చైన్‌మన్లతో కలిసి కింద కూర్చొని తినేవారు. మరునాడు వచ్చి, అంతా విని, నన్ను పక్కకు పిలిచారు.

"సూడు, నేను సర్వీసంతా ఒకటే లెక్క పాటించిన. కాగితం మీద మనిషి పేరు ఎక్కిస్తే వాని బతుకు ఆగమైతది. వస్తువును రాయి. కట్టె బాగలేదని రాయి. కట్టె వచ్చి నిన్ను అడుగుతదా?"

ఆ మాట నాకు ఎంతో దయగల మాటగా తోచింది. నిజానికి నా పేరు నేనే రాసుకోవచ్చు. నీళ్లు అడిగితే ఇవ్వలేదని రాయవచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదని ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పుకున్నాను. వచ్చింది. వెంటనే తోసేశాను. "నాసిరకం కర్రతో చేసిన కామ ఎండకు కుంచించుకుపోయి ఇనుము ఊడినందున గాయమైనది" అని రాశాను. దవాఖానలో మంచం మీద ఉన్న ఏసోబు దగ్గరికి ఆ కాగితం తీసుకుపోయి సాక్షి సంతకం పెట్టించాను. అతను చదివాడు, నా ముఖం చూశాడు, సంతకం పెట్టాడు.

ఎవరికీ నష్టం లేని అబద్ధం రాశాననుకున్నాను. కామ మనిషిది అన్న సంగతి తెలిసి కూడా, కామ నాసిరకమని రాస్తే ఆ మాట ఎవరికి తగులుతుందో నాకు తట్టలేదు. పిల్లలూ, పైవాళ్లు చెప్పే మంచి మాటలను నమ్మే ముందు ఆ మాట ఎవరిని కాపాడుతున్నదో చూడండి. రంగారావు గారి మాట ఆ రోజు కాపాడింది నన్నొక్కడినే.

ఏసోబు బతికాడు, నడిచాడు, కుంటుతూ. లైను మీద నడవలేడు కాబట్టి పార్టీలో వంటమనిషిగా పెట్టుకున్నాను. అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు చాలా రోజులు లోలోపల మురిసిపోయాను. మల్లయ్య కొత్త కామ చెక్కించుకొని మళ్లీ పనిలోకి వచ్చాడు. ఆ రోజు గురించి మేం ముగ్గురం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఎర్ర పిడులు

తొంభైల మొదట్లో మా పార్టీ కోదాడ సెక్షన్‌కు మారింది. అక్కడి అధికారి ప్రసాదరావు గారు కృష్ణా అవతలి నుంచి వచ్చినవారు. చురుకైన మనిషి. పాత ఫైళ్లు దుమ్ము దులిపి చదివే అలవాటు ఉంది. మంచి అలవాటే. ఆ ఫైళ్లలో నా రిపోర్టు దొరికింది.

ఒక రోజు నన్ను పిలిచి, బల్ల మీద ఎర్రటి ప్లాస్టిక్ పిడి ఉన్న చిన్న గొడ్డలి పెట్టారు. "చూడండి ఎంత బాగుందో. హైదరాబాదులో చూశాను, అందరికీ తెప్పించాను. ఇక కర్ర పిడుల గొడవ ఉండదు. మీ రిపోర్టు చదివాకే నాకీ ఆలోచన వచ్చిందండీ."

నేను నవ్వి ఊరుకున్నాను.

ఎర్ర గొడ్డళ్లు క్యాంపుకు వచ్చాయి. మొదటి రెండు రోజులు అందరూ మురిశారు, తేలిగ్గా ఉంది, నునుపుగా ఉంది. మూడో రోజుకు ఆ నునుపే ముప్పయింది. చెమట పట్టిన చేతిలోంచి జారిపోతుంది. కట్టె అయితే చెమటను పీల్చుకుంటుంది. చైన్‌మన్లు సైకిల్ ట్యూబు కోసి పిడికి చుట్టుకున్నారు. స్టోరువాళ్లు వచ్చి, సర్కారు సామాను రూపు మార్చారని ఒక కాగితం రాసి పోయారు.

తరువాత మెడ దగ్గర పగుళ్లు. ఇనుము పిడిలోకి దిగే చోట సన్నగా గీత పడుతుంది, పైకి కనపడదు. ఒక దెబ్బకు టప్పున విరుగుతుంది. కట్టె కామ విరిగితే వడ్లాయన పూటలో వేరేది చెక్కి ఇస్తాడు. ఇది విరిగితే మొత్తం పారేయాలి, ఇనుము ఎంత బాగున్నా సరే. పారేయడానికీ ఒక ఫారం ఉంది. మూడు సంతకాలు. ఆ సంతకాలు అయ్యేదాకా కొత్తది రాదు. ఆరు నెలల్లో కోదాడ స్టోరులో పదునైన ఇనుములు, విరిగిన ఎర్ర మెడలతో ఒక కుప్ప పోగైంది. మా నలుగురు చైన్‌మన్లకు ఒక్కటే గొడ్డలి మిగిలింది, వంతులేసుకొని కొట్టేవారు. నేను దాని గురించి రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. ఎర్రవి ఇచ్చినప్పుడు స్టోరువాళ్లు వెనక్కి తీసుకున్న పాత ఇనుములు అడిగితే, అవి లెక్కల్లోంచి కొట్టివేయబడిన సామానని అన్నారు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మా సొంత అలవాటు వల్ల వచ్చింది. మల్లయ్య చేతిలో ఏ గొడ్డలి ఉన్నా దానికి నెలకోసారి కానుగ నూనె రాసి పొయ్యి రాళ్ల మీద వెచ్చబెట్టాల్సిందే. ఆ ఎర్ర పిడులకూ అలాగే చేశాడు. ఏళ్ల తరబడి చేసిన పని కదా, చేతులు వాటంతట అవే చేస్తాయి. ప్లాస్టిక్ పైకి కరగలేదు. లోపల మెత్తబడి మళ్లీ గట్టిపడింది. ఇనుము చుట్టూ సందు పడింది. పొద్దున రాయి మీద కొట్టి చూశాడు. కట్టె అయితే టకటక చప్పుడుతో చెబుతుంది. ప్లాస్టిక్ ఏ చప్పుడూ చేయలేదు. రెండో దెబ్బకు ఇనుము చేతిలోనే గిరుక్కున తిరిగింది. మల్లయ్య గొడ్డలిని నేల మీద పడేశాడు.

"గిది మాట్లాడది సార్," అన్నాడు. "కట్టె అయితే ముందుగల్ల చెప్తది. గిది చెప్పకుంటనే చంపుతది."

సుజాతకు నా జవాబు ఇక్కడే రాస్తాను. ఏడాదికి ఒక్కసారి సరదాకు క్యాంపుకు పోయి, కారు డిక్కీలో పడేసి మరచిపోయేవాళ్లకు ప్లాస్టిక్ పిడి మంచిదే. ఎండకు కుంచించుకుపోదు, చెద పట్టదు, నీళ్లు అడగదు. ఇప్పటివి అప్పటికంటే గట్టిగా చేస్తున్నారని కూడా విన్నాను. రోజంతా కొట్టేవాళ్లకు కట్టె పిడే కావాలి. అందులో కూడా దాన్ని చూసుకునే మనిషి ఉండాలి, ఆ మనిషి ఇనుము ఆడుతుందంటే పని ఆపే సర్వేయర్ ఉండాలి. ఈ మూడోది బజార్లో దొరకదు తల్లీ, అది నువ్వే అవాలి.

రెండిట్లో ఒకటి

మల్లయ్య చేతిలో ఇనుము తిరిగిన మరునాడే కట్టె కామలు మళ్లీ కావాలని, పాత పద్ధతే మంచిదని నాలుగు పేజీల నోటు రాసి ప్రసాదరావు గారికి ఇచ్చాను. సరిగ్గా అదే వారం ఇంకొక కాగితం వచ్చింది. ఏళ్లుగా మస్టరు మీద ఉన్న రోజుకూలీలను పర్మినెంట్ చేసే జాబితా అది. ఏసోబు పేరు ఉంది. మల్లయ్య పేరు ఎదురుగా ఎర్ర సిరాతో, "సొంత పనిముట్టు విషయంలో అజాగ్రత్త, తోటి కూలీకి గాయం, రిపోర్టు చూడుడు" అని ఉంది. నెలలోగా అభ్యంతరం తొలగకపోతే పేరు తీసేస్తారు.

రాసిన గుమాస్తా పాతవాడు. నేను పోయి అడిగితే నా వైపు వింతగా చూశాడు. "నేను కొత్తగ ఏం రాసిన సార్? కామ బాగలేదని మీరే రాస్తిరి. కామ మనిషిదేనాయె."

ఇరవై ఏళ్ల పనికి మల్లయ్యకు దక్కబోయేది ఆ ఒక్క కాగితం. అప్పటికే అతనికి యాభై దగ్గర పడుతున్నాయి. మళ్లీ ఇంకో జాబితా వచ్చేసరికి వయసు దాటిపోతుంది. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. అయినా నేను మొదట చేసినవి చెబుతాను వినండి. ఆ రిపోర్టు ఫైల్లోంచి తప్పించమని గుమాస్తాను బతిమాలాను. కుదరదన్నాడు. మల్లయ్య చాలా మంచివాడని ఒక సర్టిఫికెట్ రాశాను. అభ్యంతరం అతని మంచితనం గురించి కాదు కదా అన్నారు. రెండు వారాలు ఇలా చుట్టుతిరిగాను. నడుమ ఉన్న తిన్నని దారి మాత్రం తొక్కలేదు.

చివరికి ప్రసాదరావు గారే పిలిచారు. బల్ల మీద నా పాత రిపోర్టు ఒక పక్క, కొత్త నోటు ఇంకో పక్క పెట్టారు.

"ఏవండీ, కర్ర పిడి చెడ్డదని మీరే రాశారు. కర్ర పిడే కావాలని మీరే రాస్తున్నారు. రెండిట్లో ఒకటి అబద్ధం అవ్వాలి కదా. ఏదో చెప్పండి, దాన్ని బట్టి నేనూ సంతకం చేస్తాను."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆయన మీద రెండేళ్లు విసుక్కున్నాను గానీ, ఆ గొడ్డళ్లను ఆయన తెప్పించింది నా మాట నమ్మి. నా అబద్ధాన్ని నిజమనుకొని మనుషులకు మేలు చేయబోయారు.

అక్కడే కూర్చొని రాశాను. ఇనుము ఆడుతున్నదని మల్లయ్య ముందే చెప్పాడని, నీళ్లు అడిగాడని, నేను ఇవ్వలేదని, పని ఆపనివ్వలేదని, కామ మంచి నల్లతుమ్మ చేవదని రాశాను. మొత్తం అర పేజీ కూడా కాలేదు. ప్రసాదరావు గారు చదివి, "దీనికి మీకు మెమో ఇవ్వక తప్పదండీ" అన్నారు. ఇచ్చారు. దాని సంగతి ఇక్కడ అనవసరం. కట్టె కామలు తిరిగి వచ్చాయి. మల్లయ్య పేరు ఎదుట ఎర్ర సిరా రాత కొట్టేశారు.

మల్లయ్య దరఖాస్తు

పర్మినెంట్ ఆర్డర్లు వచ్చిన మరునాడు పొద్దున మల్లయ్య నా డేరా ముందుకు వచ్చాడు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకున్నాను. వద్దు వద్దు అనాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఎంత వెర్రివాణ్నో చూడండి.

"సార్, గిదాని మీద మీ దస్కత్ గావాలె."

చదివాను. అక్షరాలు ఏసోబువి. తనను వేరే ఏ సర్వే పార్టీకైనా మార్చాలని మల్లయ్య పెట్టుకున్న దరఖాస్తు. ఊరికి దగ్గరని గానీ, ఒంట్లో బాగాలేదని గానీ, ఏ కారణమూ రాయలేదు.

"ఏమైంది మల్లయ్యా? నేను రాసిచ్చిన గద."

"రాసిచ్చిన్రు సార్. కాదంటలేను. మీరు మొదలు రాసింది గూడ నాకెర్కనే. ఏసోబు దవాఖానల సదివిన్నాడే నాకు చెప్పిండు."

"మరి గిన్నేండ్లు ఒక్కనాడన్న అడగకపోతివి."

"ఎట్ల అడగాలె సార్? మస్టర్ల పేరు రాసేది మీరు. అడిగితే తెల్లారి నా పేరు ఉంటదో లేదో. ముగ్గురు పోరగాండ్లుండె నాకు."

"నేను గట్ల చేసేటోన్నా మల్లయ్యా?"

నన్ను నొప్పించకుండా చెప్పడానికి మాటలు వెతుకుతున్నాడని తెలిసిపోయింది.

"ఏమో సార్. గది సూసుకునేటంత ధైర్యం నాకు లేకుండె. మీ మీద కోపం లేదు. గా దినం సంది మీ పక్క పొంటి గొడ్డలి పట్టాల్నంటే నాకు భయమే. ఇప్పుడు పర్మినెంట్ అయిన. ఇగ చెప్పొచ్చని చెప్తున్న."

ఏడేళ్లు. ఏడేళ్లు ప్రతి పొద్దునా నాకు నమస్తే పెట్టాడు, నా డేరా తాళ్లు బిగించాడు, నేను చూపిన చోటల్లా కంప కొట్టాడు. మా మధ్య మంచి స్నేహం ఉందని నేను మా ఇంట్లో చెప్పుకునేవాడిని. దరఖాస్తు కింద "సిఫారసు చేయడమైనది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మల్లయ్య కాగితాన్ని జేబులో పెట్టుకొని, ఏసోబు దగ్గర చాయ్ తాగి, ఆ రోజు పనికి నాతోనే వచ్చాడు. సోమవారం నుంచి వేరే పార్టీలో పనిచేశాడు. రిటైరయ్యే దాకా మళ్లీ నా పార్టీలోకి రాలేదు.